నారు ఎందుకు పడిపోయింది

సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసిన గింజలక్క గడప దగ్గరే ఆగిపోయింది. అరవై ట్రేల టమాటా నారు మట్టి మీదికి ఒరిగిపోయి ఉంది. శనివారం సాయంత్రం ఆమె తాళం వేసి వెళ్ళేటప్పటికి గుంటకొక మొక్క చొప్పున రెండేసి ఆకులు విప్పుకుని నిలబడి ఉన్నాయవి. ఆకులు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి. మట్టిని తాకే చోట మాత్రం కాడ నీరుపట్టి, నలిగి, కుట్టుదారమంత సన్నబడింది. ఒక మొక్కను రెండు వేళ్ళతో పట్టి లేపింది. వేరు మట్టిలోనే ఉండిపోయి పైభాగం చేతిలోకి వచ్చింది.

ఆ నర్సరీలో పన్నెండుమంది పనిచేస్తారు. గింజలు విత్తేది ఆమె ఒక్కతే కాబట్టి అందరికీ ఆమె గింజలక్క. నీళ్ళు పోసే ముసలాయన నీళ్ళ బాబాయ్. ఆదివారం అందరికీ సెలవు. మొక్కలకు సెలవుండదు కనుక ఆయన మాత్రం వచ్చి నీళ్ళు పోసి వెళ్తాడు.

యజమాని వచ్చి చూశాడు. ఊరికే అరిచే మనిషి కాదు. అయితే ఆ నారు తీసుకెళ్ళడానికి వారం తిరక్కుండానే బండి వస్తుంది, వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. ఒక ట్రే ఎత్తి అడుగున బొటనవేలితో నొక్కాడు. నీటిచుక్క ఒకటి నేలమీద పడింది. ఆయనకి అది చాలింది.

"ఇన్ని నీళ్ళల్లో చేపలు బతుకుతాయి పెద్దాయనా, మొక్కలు బతకవు," అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"వేలు పెట్టి చూసే పోశాను సార్," అన్నాడు నీళ్ళ బాబాయ్.

"ఆ వేలికి కూడా వయసైపోయింది. ఇంక ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకో. రేపట్నుంచి రానక్కర్లేదు."

నీళ్ళ బాబాయ్ తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. జల్లుడబ్బాలో మిగిలిన నీళ్ళు గట్టుమీది మందారానికి పోసి, డబ్బా కడిగి, మేకుకు బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంతా పావుగంటలో అయిపోయింది.

గింజలక్క ఏదో అనబోయింది. ఏమని అంటుంది? ఆయన ఎక్కువ పొయ్యలేదని తను చూడలేదు. పోశాడని కూడా ఎవరూ చూడలేదు. చూడనిదాన్ని యజమాని అంత ధీమాగా ఎట్లా చెప్పేశాడా అన్న ఆలోచన మాత్రం సాయంత్రం దాకా, పడిపోయిన నారును దులిపి పారేస్తున్నంతసేపూ, ఆమె చేతులతోపాటే కదులుతూ ఉంది.

ఇంట్లో అన్నం తింటూ అత్తగారితో చెప్పింది. అత్తగారు ముప్ఫయ్యేళ్ళు రెడీమేడ్ బట్టల కంపెనీలో మిషను కుట్టింది. ఇప్పుడు చూపు మందగించింది, వేళ్ళు మాత్రం ఇంకా చూస్తాయి; సూదిలోకి దారం ఎక్కించాలంటే ఇంటిల్లిపాదీ ఆమె దగ్గరికే పోతారు.

"నీళ్ళే అని ఎట్లా తెలుసంట?" అంది అత్తగారు.

"అడుగున చెమ్మ ఉంది కదత్తయ్యా."

"ఉంటే? జ్వరమొచ్చినవాడికి చెమట పడుతుంది. చెమట పట్టబట్టి జ్వరమొచ్చిందంటామా?"

గింజలక్క భర్త ఫ్రిజ్ మెకానిక్. ఇంట్లో వాదన మొదలైతే కంచం తీసుకుని హాల్లోకి వెళ్ళే మనిషి. ఈసారి వెళ్ళలేదు. "మిషను ఆగిపోతే నేను చేసేదీ అంతేనమ్మా. గ్యాసా, కంప్రెసరా, వైరా, ఒక్కొక్కటే చూస్తాను. అన్నీ ఒక్కసారి మార్చేస్తే పని చేస్తుంది కానీ ఏది పాడైందో చచ్చినా తెలీదు."

"అదే నేననేది," అంది అత్తగారు. "కుట్టు తప్పుతుంటే సూదీ దారమూ ఒకేసారి మార్చకూడదు. అమ్మాయ్, ఆ గింజలు ఇంకా మిగిలాయా?"

"సగం పాకెట్ ఉంది."

"రేపు కాసిని పట్రా. మనింట్లోనే వేసి చూద్దాం."

మంగళవారం గింజలక్క నలభై గింజలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. కొత్త మట్టి సంచి ఆ పొద్దునే వచ్చింది; అందులోంచి రెండు దోసిళ్ళు ఒక కవరులో పోసుకుంది. పడిపోయిన ట్రేల్లోని మట్టి మరో కవరులోకి గీకబోతుంటే అత్తగారు పొద్దున బయల్దేరేటప్పుడు అన్న మాట గుర్తొచ్చింది: "చచ్చిన మొక్కల కింది మట్టి తేకు. అది ఎట్లాగూ పాడయ్యే ఉంటుంది. విత్తిన రోజు వాడగా మిగిలిందేమైనా ఉంటే అది పట్రా." బల్ల కింద ఓ గంపలో మిగిలింది ఉంది. అది తీసుకుంది. నీళ్ళు కూడా నర్సరీ తొట్టిలోవే సీసాలో పట్టుకుంది.

నాలుగు పెరుగు డబ్బాలు కడిగి, అడుగున మేకు కాల్చి నాలుగేసి చిల్లులు పెట్టింది. మొదటి రెండింట్లో కొత్త మట్టి, తర్వాతి రెండింట్లో గంపలో మట్టి. మట్టిని తడిపి, పిడికిట్లో నొక్కి చూసుకుంది. ముద్ద కట్టాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. పెన్సిలు మొనతో ఒక్కో డబ్బాలో పది గుంటలు, గోరులో సగం లోతు. టమాటా గింజ చాలా చిన్నది, నూగు కప్పుకుని, చేతి చెమటకే అంటుకుపోతుంది. ఆమె తడి అగ్గిపుల్ల చివరతో ఒక్కో గింజనీ ఎత్తి గుంటలో దించుతుంటే అత్తగారు పక్కన కూర్చుని పైకి లెక్కపెట్టింది. పైన మట్టి చల్లి, వేలితో అద్ది, ప్లాస్టిక్ కాగితం కప్పారు.

"ఒకటీ మూడూ నీళ్ళు బాగా తాగుతాయి," అంది గింజలక్క, డబ్బాల మీద అంకెలు వేస్తూ. "రెండూ నాలుగూ పైన ఆరితేనే."

"ఎక్కడ పెడతావు?"

"వెచ్చగా ఉండాలి. ఫ్రిజ్ మీద పెడదామని."

"మన ఫ్రిజ్ పైన చల్లగానే ఉంటుంది," అన్నాడు భర్త. "వేడి వెనక జాలీలోంచి వస్తుంది. కాస్త ముందుకి జరుపుతా, వెనక పీట వేసి పెట్టు." జరిపాడు కూడా. దాంతో వంటింట్లో నడిచే దారి సగమైంది. ఆ వారమంతా ఎవరు మంచినీళ్ళకు వచ్చినా పక్కకు తిరిగి రావలసి వచ్చింది.

మూడు రోజులు ఏమీ లేదు. అయినా ముగ్గురూ చూడకుండా ఉండలేకపోయారు. భర్త పనికి వెళ్ళే ముందు టార్చి వేసి చూసేవాడు. అత్తగారు ప్లాస్టిక్ కాగితం కింద చెయ్యి పెట్టి వెచ్చదనం చూసేది. "నిన్నటికంటే ఉబ్బింది మట్టి" అనేది, అది నిజమో ఆమె ఆశో తెలిసేది కాదు. నాలుగోరోజు రాత్రి భోజనాలకి ముందు మొదటి డబ్బాలో మట్టి ఒకచోట చిట్లింది. ఆ చీలికలో తెల్లటి కాడ, విల్లులా వంగి, రెండు చివరలూ ఇంకా భూమిలోనే పెట్టుకుని ఉంది. ఏళ్ళ తరబడి వేల గింజలు విత్తింది గింజలక్క. షెడ్డులో ఎప్పుడూ సోమవారం వచ్చేసరికి నారు లేచి ఉండేది, అంతే. లేస్తుండగా చూడటం ఇదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర కలపడం భర్త చూసుకున్నాడు.

ఆదివారానికి నలభై గింజల్లో ముప్ఫయ్యేడు మొలిచాయి. నాలుగు డబ్బాల్లోనూ దాదాపు ఒకే లెక్క. కొన్ని మొలకలు గింజ తొక్కను ఊడదీసుకోలేక టోపీలా నెత్తిన పెట్టుకుని వచ్చాయి. గింజల్లో లోపం లేదని తేలిపోయింది. డబ్బాల్ని కిటికీలోకి మార్చారు. మధ్యాహ్నానికల్లా ముప్ఫయ్యేడూ అద్దంవైపు మెడలు చాచాయి. అప్పట్నుంచి పూటకోసారి డబ్బాల్ని తిప్పే పని అత్తగారు తీసుకుంది. తిప్పి, అరచేత్తో మొలకల తలలమీద ఆనీ ఆననట్టు నిమిరేది. "ఇట్లా చేస్తే కాడ గట్టిపడుతుంది," అంది. ఎవరు చెప్పారంటే "అనిపించింది" అంది.

నర్సరీలో పరిస్థితి వేరుగా ఉంది. కొత్త మట్టిలో కొత్త నారు పోశారు. నీళ్ళ పని ఆడవాళ్ళు వంతులవారీగా చేస్తున్నారు. నారు ఏ ఇబ్బందీ లేకుండా లేచింది. యజమాని ట్రేల మధ్య నడుస్తూ, "చూశారా, చెయ్యి మారగానే ఎట్లా నిలబడిందో," అన్నాడు. గింజలక్క ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది.

అత్తగారు డబ్బాలు తిప్పుతూ వింది. "సూదీ దారమూ ఒకేసారి మార్చాడు మీ సారు," అంది.

గురువారం పొద్దున మూడో డబ్బాలో నాలుగు మొక్కలు పడి ఉన్నాయి. గంపలో మట్టి, నీళ్ళు ఎక్కువ. కాడ మొదట్లో అదే నలుగుడు, అదే దారం. సాయంత్రానికి ఇంకో నాలుగు. ఒకటో డబ్బాకు కూడా అన్నే నీళ్ళు పోశారు. అందులో మట్టిమీద పచ్చగా పాచి పట్టింది, ఆకుల రంగు పాలిపోయింది, కానీ తొమ్మిదింటికి తొమ్మిదీ నిలబడే ఉన్నాయి. రెండోది నిక్షేపంగా ఉంది.

"ఇక మిగిలింది నాలుగోది," అన్నాడు భర్త. గంపలో మట్టి, పైన ఆరితే తప్ప నీళ్ళు పొయ్యని డబ్బా. "అది నిలబడితే నీళ్ళు ఎక్కువైనందుకే పడ్డట్టు. అదీ పడితే మట్టే."

 

శుక్రవారం నాలుగో డబ్బా నిలబడింది. శనివారం పొద్దున అత్తగారే కిటికీ దగ్గరికి ముందు వెళ్ళింది. డబ్బా తిప్పి, అరచెయ్యి చాపింది. చేతికి తలలు తగల్లేదు.

"అమ్మాయ్," అని పిలిచింది. "ఇదీ పడింది."

గింజలక్క వచ్చి చూసింది. మట్టి పైన పొడిగా, బూడిదరంగులో ఉంది. దాని మీద ఆరు మొక్కలు ఒరిగి ఉన్నాయి. ఒక క్షణం ఆమెకు గెలిచినంత సంతోషమైంది. "నీళ్ళు కాదత్తయ్యా. మట్టి. బాబాయ్ తప్పేమీ లేదు."

"అదేదో పాత మట్టిలా ఉంది," అంది అత్తగారు, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలుపుతూ. "వేరు ముక్కలు తగులుతున్నాయి. ట్రేల్లోకి ఎవరు నింపారిది?"

గింజలక్క డబ్బాని దగ్గరికి లాక్కుని చూసింది.

తనే నింపింది. నర్సరీలో ఆ గింజలు వేసిన రోజు కొత్త మట్టి సంచి రాలేదు. యజమాని ఫోను చెవిన పెట్టుకునే, "ఉన్నదాంతో కానియ్," అని చెయ్యి ఊపాడు. మూలన పాత వంకాయ నారు ఎండిపోయిన ట్రేలు గుట్టగా ఉన్నాయి. వాటిలో మట్టిని దులిపి, జల్లించి, అదే ట్రేల్లో మళ్ళీ నింపింది. కడగాలంటే సగం పూట పడుతుంది, ఆ పూట గింజలు వెయ్యాలి. గంటసేపు చేసిన పని. పని అనుకుందే తప్ప తప్పని తోచలేదు కాబట్టి మనసులో ఎక్కడా మిగల్లేదు. ఈ పన్నెండు రోజుల్లో గింజల్ని అనుమానించింది, నీళ్ళని అనుమానించింది, తొట్టిని కూడా అనుమానించింది. ఆ గంపను తన చేత్తోనే బల్ల కిందకి తోసినా, తన చేతిని మాత్రం అనుమానించలేదు.

"నేనే అత్తయ్యా," అంది.

అత్తగారు వేళ్ళ మధ్య మట్టిని డబ్బాలోకి రాల్చేసి చేతులు దులుపుకుంది. "ఇప్పుడేం చేస్తావు?"

"తెలీదు."

"తెలుసుకోవాలని మొదలుపెట్టింది నువ్వే కదా," అంది అత్తగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది.

సోమవారం గింజలక్క నాలుగు డబ్బాలూ అట్టపెట్టెలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పట్టుకుని వెళ్ళింది. యజమాని గదిలో బల్లమీద వరసగా పేర్చి, ఏ డబ్బాలో ఏ మట్టో, ఎన్ని నీళ్ళో, ఏ రోజు ఎన్ని పడ్డాయో చెప్పింది. ఆయన మొదట గడియారం చూశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. నాలుగో డబ్బాని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇదంతా ఇంట్లో చేశావా?"

"అవును సార్."

"ఈ మట్టి..."

"వంకాయ ట్రేల్లోది. జల్లించి నేనే నింపాను. ట్రేలు కడగలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫోను చెవిన పెట్టుకుని తను ఊపిన చెయ్యి ఆయనకి గుర్తొచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు.

"సరే. పెద్దాయన్ని రమ్మని కబురు పెడతాను," అన్నాడు చివరికి. "ఇది ఇక్కడితో వదిలెయ్. నీ సంగతి నేనెవరితోనూ అనను."

అది దయే. గింజలక్క దాన్ని తీసుకుని బయటికి వెళ్ళిపోవచ్చు. డబ్బాల్ని పెట్టెలో సర్దుతూ, "ఆయన్ని పొమ్మన్నది అందరి ముందు సార్," అంది.

"అయితే?"

ఆమె పెట్టె ఎత్తుకుని షెడ్డులోకి వెళ్ళింది. పదింటికి టీ వచ్చి అందరూ బల్ల చుట్టూ చేరాక డబ్బాల్ని మళ్ళీ వరసగా పెట్టింది. ఆమెకు నలుగురిలో మాట్లాడటం రాదు. గ్లాసులో టీ చల్లారిపోయేదాకా డబ్బాల వంకే చూస్తూ చెప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి ఎవరూ టీ తాగడం లేదు. "ఆ మట్టి నింపింది నేను. బాబాయ్ కాదు," అంది. ఆ రోజు కిసుక్కుమన్న మనిషి వంగి మూడో డబ్బాలో పడిపోయిన కాడను గోటితో కదిపి చూస్తోంది.

యజమాని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"కొత్త మట్టి ఆలస్యం చేసింది నేను," అన్నాడు, ఎవరినీ చూడకుండా. మరుక్షణం మామూలు గొంతు తెచ్చుకున్నాడు. "ట్రేలన్నీ కడగాలి. షెడ్డులో ఉన్నవన్నీ. ఆ పని నువ్వే చెయ్యి. విత్తడం సంగతి తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రం ఆమె నీళ్ళ బాబాయ్ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన పిన్ని, "నువ్వా అమ్మా, రా. కాస్త మాట్లాడిపో. రెండు వారాలుగా మనిషి మనిషిలా లేడు," అంది గొంతు తగ్గించి. "కుండీలో తులసికి రోజూ తనే పోసేవాడు. ఇప్పుడు ముట్టుకోడు. నువ్వే పొయ్యి, నాకు అందాజు పోయింది అంటాడు."

నీళ్ళ బాబాయ్ మంచంమీద కూర్చుని ఉన్నాడు. గింజలక్క దారి పొడవునా క్షమాపణ మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆయన కోపంగా అడగబోయే ప్రశ్నలకి జవాబులు కూడా. కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. ఆయన మధ్యలో చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. నాలుగో డబ్బా సంగతి మళ్ళీ చెప్పు."

"పైన ఆరితేనే పోశాను బాబాయ్. అయినా పడింది."

"పూర్తిగా ఆరిందా? లోపల చెమ్మ ఉందేమో."

"గోరులోతు వరకు పొడే."

"ఒకటో డబ్బా? దానికి నీళ్ళు ఎక్కువే కదా?"

"పాచి పట్టింది. మొక్కలు మాత్రం పడలేదు."

ఆయన చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు. "నేను ఎక్కువే పోశాననుకున్నాను," అన్నాడు తర్వాత. "ఆయనన్నాడని కాదు. నిజంగానే వేలికి తెలియడం మానేసిందేమో అనుకున్నాను. ఎన్నోసార్లు తలచుకున్నాను ఆ ఆదివారం. ఎంత తలచుకున్నా ఎన్ని జల్లుడబ్బాలు పోశానో జ్ఞాపకం రాదు."

గింజలక్కకు దారిలో కూర్చుకున్న మాటలేవీ పనికి రాలేదు. "నా వల్లే బాబాయ్," అని మాత్రం అంది.

ఆయన దాన్ని విన్నట్టే లేడు. "మూడోది ముందు పడిందన్నావు. నాలుగోది రెండ్రోజుల తర్వాత. అంటే నీళ్ళు తోడైతే తొందరగా పడుతుందన్నమాట. నాది కూడా కాస్త ఉండి ఉండొచ్చు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో బాధ లేదు. లెక్క ఒక్కటొక్కటిగా సరిపోతున్న మనిషి ముఖం అది. "ఆ గంప ఇంకా బల్ల కిందే ఉందా?"

"ఉంది."

"తెగులు మట్టి అది, దూరంగా పారబొయ్యి. గట్టు మీద కాదు, మందారం ఉంది."

పిన్ని టీ గ్లాసులు తెస్తూ, "అయితే రేపు వెళ్తావా?" అని అడిగింది.

"రేపెందుకు? ముందు ట్రేలు కడగాలి, ఎండలో పెట్టాలి," అన్నాడాయన. "ఎన్నున్నాయమ్మా?"

"మూడొందల పైన."

"మొత్తం నీకే చెప్పాడా?"

ఆమె తల ఊపింది. ఆయన టీ ఊదుకుంటూ తాగాడు.

మర్నాడు పొద్దున గింజలక్క అందరికంటే ముందు వచ్చి, కొళాయి దగ్గర ట్రేలు గుట్టగా పేర్చుకుని, సబ్బునీళ్ళు కలుపుకుని కూర్చుంది. ఇరవయ్యో ట్రేకి నడుము పట్టేసింది. ముప్ఫయ్యోది తీసుకుంటుంటే పక్కన ఎవరో పీట జరుపుకుని కూర్చున్నట్టయింది. నీళ్ళ బాబాయ్. పంచె పైకి మడిచి కట్టుకుని, బకెట్లోంచి రెండో బ్రష్షు తీసుకున్నాడు. ఆమె కడిగి పక్కన పెట్టిన ట్రేల్లోంచి ఒకటి ఎత్తి, వెలుతురుకు అడ్డంగా పట్టి, గుంటలు ఒక్కొక్కటే చూశాడు. తల అడ్డంగా ఊపి, ఆ ట్రేని తిరిగి ఆమె ముందు పెట్టాడు.

"మూలలు తల్లీ," అన్నాడు. "మూలలు బాగా రుద్దు. తెగులు దాక్కునేది అక్కడే."

ఆమె మళ్ళీ మొదటి ట్రే నుంచి మొదలుపెట్టింది.